ఇంట్లో పెద్దవాళ్ళ కంటికి పొర వచ్చిందేమో ఎలా తెలుసుకోవాలి?

"మా అమ్మకు కంట్లో పొర వచ్చిందంటారా?" అని ఎవరో ఒకరు ఫోన్ చేయని వారం ఉండదు. దేవరకొండ నుంచి ఒకరు, జడ్చర్ల నుంచి ఒకరు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఊర్లో ఒంటరిగా ఉన్న నాయిన గురించి దిగులుపడే పిల్లలు ఇంకొందరు. ఫోన్లో కన్ను కనబడదు కదా. అందుకే అందరికీ చెప్పేది ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నేను డాక్టర్ను కాను. కంటి క్యాంపుల్లో చార్టు పక్కన కట్టె పట్టుకుని "ఇది ఎటు ఉంది పెద్దమ్మా?" అని అడిగే మనిషిని. ఈ పద్ధతితో మీకు రోగం ఖాయంగా తెలియదు. ఎప్పుడు కదలాలో, ఎంత తొందరగా కదలాలో మాత్రం తెలుస్తుంది.

పొర, శుక్లం, మోతిబిందు, క్యాటరాక్ట్ అన్నీ ఒకటే. కంటి నల్లగుడ్డు వెనక ఉండే కటకం (లెన్స్) మసకబారడం. పొర అంటున్నాం గానీ కంటి మీద ఏ పొరా పెరగదు. లోపలి కటకమే పొగచూరిన లాంతరు గ్లాసులా తయారవుతుంది. కాబట్టి కడిగినా, చుక్కలు వేసినా పోదు.

ఇవి ఉంటే పరీక్షలు వద్దు, అదే రోజు ఆస్పత్రికి

మోతిబిందు నొప్పి లేకుండా, నెలలూ ఏళ్ళూ తీసుకుని మెల్లగా వస్తుంది. నొప్పి, ఎరుపు, తొందర కనిపిస్తే అది వేరే వ్యవహారం, లేదా మోతిబిందే ముదిరి కన్ను మీదికి వచ్చింది. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా చార్టు గీస్తూ కూర్చోకండి.

- చూపు గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో పడిపోవడం
- కన్ను ఎర్రబడి నొప్పి, దానితో తలనొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు (కంట్లో ప్రెషర్ పెరిగినప్పుడు ఇలా ఉంటుంది)
- కంటి ముందు మెరుపులు, ఉన్నట్టుండి నల్లచుక్కల గుంపు, ఒక పక్క నుంచి పరదా దించినట్టు నీడ
- కంటికి దెబ్బ తగలడం, పత్తికట్టె గానీ వరి ఆకు గానీ గుచ్చుకోవడం
- చిన్నపిల్లల నల్లగుడ్డులో తెల్లగా మెరవడం. ఫోన్ ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, ఒకటి తెల్లగా పడినా సరే. ఇది పుట్టుకతో వచ్చిన శుక్లం కావచ్చు, కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. "పెద్దయితే పోతుందిలే" అనే మాటకు ఇక్కడ చోటు లేదు.

కావలసినవి

కొలిచే టేపు, స్కేలు, రెండు తెల్ల కాగితాలు, నల్ల స్కెచ్ పెన్ను, పాత పెళ్ళిపత్రిక అట్ట, లావుపాటి గుండుసూది, టార్చి (ఫోన్ లైటు అయినా ఫరవాలేదు), రాసుకోవడానికి నోటుబుక్కు. పెద్దాయన దూరపు చూపు కోసం అద్దాలు వాడుతుంటే అవి కూడా. ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు చార్టు దగ్గర, ఒకరు పెద్దాయన దగ్గర.

1. రెండు రోజులు ఏమీ అడగకుండా గమనించండి

నేరుగా "నీకు మంచిగ కానొస్తుందా?" అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "మంచిగనే కానొస్తుంది, నాకేమైంది?" అబద్ధమాడుతున్నారని కాదు. చూపు చాలా మెల్లగా తగ్గితే తగ్గినట్టు తెలియదు. పైగా బాగున్న కన్ను బాగాలేని కంటి పని కూడా చేసుకుపోతుంది. ఆపరేషన్ అంటే భయం, పిల్లలకు ఖర్చనే మొహమాటం కూడా తోడవుతాయి. అందుకని చేతుల్ని చూడండి.

చాటలో బియ్యం చెరిగేటప్పుడు రాళ్ళు కళ్ళతో ఏరుతున్నారా, వేళ్ళతో తడుముతున్నారా? గ్లాసులో నీళ్ళు పోస్తే అంచు దాటి పోతున్నాయా? మనిషి దగ్గరికి వచ్చి మాట్లాడేదాకా ఎవరో పోల్చుకోలేకపోతున్నారా? గడప దగ్గర, బస్సు మెట్టు దగ్గర కాలితో వెతుకుతున్నారా? పత్తి ఏరితే ఇదివరకు లేని ఆకు చెత్త వస్తోందా?

నోట్లు ఇచ్చి చూడండి. కటకం పసుపు రంగుకు తిరిగేకొద్దీ నీలం, ఊదా రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి. కొత్త వంద ఊదా, ఐదు వందలది బూడిద రంగు. ఈ రెంటినీ వెలుతురులోకి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూస్తున్నారంటే గుర్తు పెట్టుకోండి. తెల్ల పంచె మాసిందని, ఉతికినదాన్నే మళ్ళీ ఉతకమనడం కూడా ఇలాంటిదే.

వెలుతురుతో తగాదా అన్నిటికన్నా మంచి గుర్తు. కొందరికి మిట్టమధ్యాహ్నం చేన్లో ఏమీ కనబడదు, పొద్దు వాలితే నయం. ఎండకు నల్లగుడ్డు నడిమి రంధ్రం ముడుచుకుంటుంది, మసక సరిగ్గా కటకం నడుమ ఉంటే దారి మూసుకుపోతుంది. షుగర్ ఉన్నవాళ్ళలో, స్టెరాయిడ్ మందులు వాడినవాళ్ళలో ఈ రకం ఎక్కువ, తొందరగానూ పెరుగుతుంది. ఇంకొందరికి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: పగలు బాగానే ఉంటారు, రాత్రి ఎదుటి బండి లైటు పడితే రోడ్డే మాయమవుతుంది. చంద్రుడికి వరదగుడి కట్టినట్టు వీధి దీపం చుట్టూ గుడి కడుతుంది. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే మీదో, జడ్చర్ల దగ్గర కర్నూలు రోడ్డు మీదో రాత్రిపూట బండి నడిపే అరవై ఏళ్ళాయన "ఈ మధ్య లైట్లన్నీ ఎక్కువైనయి" అంటే లైట్లను తిట్టకముందు కళ్ళు చూపించాలి.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అమ్మ ఒకరోజు అద్దాలు లేకుండా పంచాంగం చదివింది. పదేళ్ళుగా అద్దాలు లేనిదే అక్షరం పట్టని మనిషి! చూపు తిరిగొచ్చిందని ఇల్లంతా సంబరం. చార్టు దగ్గర నిలబడే నేను కూడా ఆ సంబరంలో ఉన్నాను, సిగ్గుపడాల్సిన మాట. కటకం నడుమ గట్టిపడుతుంటే దాని పవర్ మారి, దగ్గర చూపు కొన్నాళ్ళు బాగుపడినట్టు అవుతుంది, దూరపు చూపు పడిపోతుంది. ఆమెకు ఎదురింటి గేటు దగ్గర నిలబడ్డ మనిషి కనబడడం లేదని మేం ఆరు నెలల తర్వాత గానీ తెలుసుకోలేదు. ముసలితనంలో చూపు తిరిగొచ్చిందంటే అదీ ఒక లక్షణమే.

2. ఇప్పుడు అడగండి, కానీ ఇలా

- "రెండేళ్ళలో అద్దాలు ఎన్నిసార్లు మార్చినవ్?" మార్చిన ప్రతిసారీ కొన్ని నెలలే బాగుంటే అనుమానించాలి.
- "ఒక్క కంటితో చూస్తే చంద్రుడు ఒక్కడే ఉన్నాడా, ఇద్దరా?" ఒక కన్ను మూసినా రెండుగా కనబడితే ఆ తెరిచిన కంటిలోనే తేడా. రెండు కళ్ళూ తెరిచినప్పుడు మాత్రమే రెండుగా కనబడితే మోతిబిందు కాదు, కంటి నరాల, కండరాల సంగతి. అది తొందరగా చూపించాలి.
- "కీళ్ళ నొప్పులకో, ఉబ్బసానికో ఏండ్ల తరబడి ఏ గోలీలు వాడినవ్?" ఊర్లో ఆరెంపీ దగ్గర తెచ్చుకునే నొప్పి గోలీల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. చీటీ గానీ పాత అట్ట గానీ ఉంటే దాచండి.
- షుగర్ ఉందా? ఎప్పుడూ చూపించుకోకపోతే ఈ వంకతో రక్తపరీక్ష చేయించండి. చూపు ఒక వారం బాగుండి, ఒక వారం బాగుండకపోతే షుగర్ ఎక్కి దిగుతుండొచ్చు.

3. మూడు కాళ్ళ చార్టు గీయండి

చదువు రానివాళ్ళకు కూడా పనికొచ్చేది ఇంగ్లీషు 'ఈ' అక్షరం గుర్తు, అదే మూడు కాళ్ళ గుర్తు. ఒక కాగితం మీద పెద్దది: ఎత్తు 87 మిల్లీమీటర్లు, వెడల్పు అంతే, ఒక్కో కాలు మందం సుమారు 17. రెండో కాగితం మీద చిన్నది: ఎత్తు, వెడల్పు 26 మిల్లీమీటర్లు, కాలు మందం 5 కొంచెం పైన. కాళ్ళ మధ్య సందు కూడా కాలంతే ఉండాలి. నల్లగా నింపండి.

6 మీటర్లు, అంటే దాదాపు 20 అడుగులు కొలిచి గీత గీయండి. అడుగులేసి కాదు, టేపుతో. వాకిట్లోనో, వరండాలోనో పగటి వెలుతురులో. అంత జాగా లేకపోతే 3 మీటర్ల దూరం పెట్టి, గుర్తులు సగానికి (44, 13 మిల్లీమీటర్లు) గీయండి.

ఈ కొలతల్లో చిన్న గుర్తు ఆస్పత్రి చార్టులో 6/18 వరుస, పెద్దది 6/60 వరుస. ఆస్పత్రి చీటీలో ఈ అంకెలు చూసినప్పుడు మీకే అర్థమవుతుంది.

4. ఒక్కో కన్ను మూసి చూడండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే చేస్తానంటే ఇదొక్కటి చేయండి.

దూరపు అద్దాలు ఉంటే పెట్టించండి. ఎడమ కన్ను అట్టతో మూసి, కుడి కంటితో చూడమనండి. చార్టు దగ్గరి మనిషి కాగితాన్ని పైకి, కిందికి, అటు, ఇటు తిప్పుతూ కాళ్ళు ఎటు ఉన్నాయో అడగాలి. చేత్తో చూపిస్తే చాలు. ముందు పెద్దది, తర్వాత చిన్నది. ఐదుసార్లు తిప్పితే నాలుగుసార్లు సరిగ్గా చెప్తే పాస్. తర్వాత కుడి కన్ను మూసి ఎడమది.

క్యాంపుల్లో రోజూ చూసే దృశ్యం ఒకటుంది. ఒక కన్ను మూయగానే పెద్దాయన బిత్తరపోతాడు. "అరే, ఈ కన్ను పోయిందా?" అంటాడు. పోయి రెండేళ్ళయి ఉంటుంది, అప్పటిదాకా రెండో కన్ను నెట్టుకొచ్చింది.

ఇక్కడ జరిగే తప్పులు:

అరచేతితో కన్ను నొక్కి మూస్తారు. తెరిచాక ఆ కంటికి కాసేపు అంతా మసకే, దాన్ని మనం రోగమనుకుంటాం. అట్ట వాడమన్నది అందుకే.

వేళ్ళ సందుల్లోంచి చూస్తారు. ఇది మోసం కాదు, అలవాటు. మీరు పక్కనే నిలబడాలి.

కళ్ళు చిట్లించి చూస్తారు. చిట్లిస్తే చూపు కాస్త తేరుకుంటుంది, లెక్క తప్పుతుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు, దగ్గరి చూపు అద్దాలు పెట్టి దూరం చూపించడం. అంగడిలో కొన్న చత్వారం అద్దాలతో 20 అడుగుల గుర్తు ఎవరికైనా అలికినట్టే ఉంటుంది. ఏ అద్దాలు దేనికో తెలియకపోతే అద్దాలతో ఒకసారి, లేకుండా ఒకసారి చేసి రెండూ రాసుకోండి.

5. సూది రంధ్రం పరీక్ష

మసకకు కారణం అద్దాల పవరా, లోపలి కటకమా అని కొంతవరకు విడదీసేది ఇదే. పెళ్ళిపత్రిక అట్టకు నడుమ గుండుసూదితో రంధ్రం చేయండి, ఒక మిల్లీమీటరు లేదా కాస్త ఎక్కువ. పెన్సిల్‌తో పొడిస్తే పెద్దదైపోయి పనికిరాదు. అంచుల్లో కాగితం నూగు లేకుండా చూసుకోండి.

చిన్న గుర్తు చెప్పలేకపోయిన కంటికి ఈ రంధ్రం ఆనించి మళ్ళీ చూడమనండి. వెలుతురు బాగుండాలి. రంధ్రం దొరకబుచ్చుకోవడానికి పెద్దవాళ్ళకు నిమిషం పడుతుంది, తొందర పెట్టకండి. చేయి వణికితే అట్ట మీరే పట్టండి.

రంధ్రంలోంచి గుర్తు తేటగా కనబడితే ఎక్కువగా పవర్ సమస్య, అద్దాలతో సరిపోవచ్చు. మొదటి దశ శుక్లం కూడా కొంత తేరుకోవచ్చు కాబట్టి "పొర లేనట్టే" అని తేల్చేయకండి. ఏమీ మారకపోయినా, ఇంకా మసకైనా కటకమో, కంటి లోపల వెనక ఉండే పొరో (రెటీనా, ఇది శుక్లం పొర కాదు), కంటి నరమో చూడాల్సిందే. వాటిలో ఏదన్నది ఇంట్లో తేలదు.

6. టార్చితో చూడండి, కానీ దీన్ని మరీ నమ్మకండి

నీడలో కూర్చోబెట్టి, టార్చి ఎదురుగా కాకుండా పక్క నుంచి వేయండి. నల్లగుడ్డు నడిమి రంధ్రం నల్లగా ఉండాలి. అందులో తెల్లగా, పాలచుక్కలా, ముత్యంలా కనిపిస్తే ముదిరిన మోతిబిందు. ఆ పేరు వచ్చిందే ముత్యంలా ఉండే నీటిబొట్టు అనే అర్థంతో.

చాలామంది దీన్నొక్కదాన్నే చూసి "తెల్లగా లేదు, పొర లేదు" అంటారు. నడవడానికి ఇబ్బంది పడేంత శుక్లం ఉన్నా బయటికి నల్లగానే కనబడొచ్చు. తెల్లబడింది అంటే చాలా ఆలస్యమైందని లెక్క.

మోతిబిందు కానివాటిని మోతిబిందు అనుకోవడం కూడా మామూలే:

ముక్కు వైపు మూల నుంచి నల్లగుడ్డు మీదికి త్రికోణంలా పాకే ఎర్రటి కండ. ఎండలో, దుమ్ములో పనిచేసేవాళ్ళకు ఎక్కువ. అది కంటి పైన పెరిగేది, శుక్లంతో సంబంధం లేదు.

నల్లగుడ్డు అంచు చుట్టూ తెల్లని వలయం. వయసుతో చాలామందికి వస్తుంది, చూపుకు అడ్డం కాదు.

పువ్వు. చిన్నప్పుడు దెబ్బో, పుండో మాని నల్లగుడ్డు ముందు భాగంలో మిగిలిన తెల్లమచ్చ. ఏళ్ళుగా అలాగే ఉంటుంది. దీనికి వైద్యం వేరు.

7. వెలుగు ఎటు ఉందో అడగండి

ఇది చూపు బాగా పోయినవాళ్ళకే, అంటే పెద్ద గుర్తు కూడా చెప్పలేనివాళ్ళకు. ఒక కన్ను పూర్తిగా మూసి, రెండో కంటికి టార్చి ఒక అడుగు దూరం నుంచి పైన, కింద, కుడి, ఎడమ వేస్తూ "వెలుగు ఎటు నుంచి వస్తుంది?" అని అడగండి.

శుక్లం ఎంత ముదిరినా వెలుగూ తెలుస్తుంది, అది వచ్చే దిక్కూ మామూలుగా తెలుస్తుంది. వెలుగే తెలియకపోతే, లేదా ఒక పక్క అసలు తెలియకపోతే వెనక పొరలోనో నరంలోనో దెబ్బ ఉందని అనుమానం. నీటికాసులు, అంటే గ్లకోమా, అలా చప్పుడు లేకుండా తినేస్తుంది. అప్పుడు "వచ్చే నెల క్యాంపులో చూద్దాం" అనకుండా వెంటనే తీసుకెళ్ళండి.

ఫలితం ఎలా చదువుకోవాలి

నోటుబుక్కులో తేదీ, కుడి, ఎడమ, అద్దాలతో, అద్దాలు లేకుండా, రంధ్రంతో, ఏ గుర్తు చెప్పారో రాయండి. "కొంచెం మసక" అని రాయకండి, అది వచ్చేసారి దేనికీ పనికిరాదు.

రెండు కళ్ళతోనూ చిన్న గుర్తు చెప్పి, మొదటి రెండు మెట్లలో ఏమీ లేకపోతే ఆరు నెలలకు మళ్ళీ అదే చోట, అదే వేళకు చేయండి. చిన్న గుర్తు చెప్పినా రాత్రి లైట్లతో, ఎండతో బాధ ఉంటే ఈ నెలలో ఒకసారి చూపించండి. చార్టు పరీక్షకు ఆ బాధ దొరకదు. చిన్న గుర్తు ఒక కంటితోనైనా తప్పితే ఒకటి రెండు వారాల్లో వెళ్ళండి. పెద్దది కూడా తప్పితే ఈ వారమే.

రెండుసార్లు చేస్తే రెండు రకాలుగా వచ్చిందా? వెలుతురు, దూరం, అద్దాలు ఈ మూడింటిలో ఏదో మారింది. మూడోసారి చేయండి.

వినిపించే మాటలు, నా జవాబు

"పొర ముదరనీ, అప్పుడు తీయిద్దాం." మన తాతల కాలం మాట ఇది. అప్పట్లో ముదిరితే గానీ తీయడం కుదిరేది కాదు. ఇప్పుడు మసకబారిన కటకం తీసి దాని సంచిలోనే కొత్త కటకం పెడతారు, ముదరాల్సిన పని లేదు. ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది, కటకం ఉబ్బి కంటి ప్రెషర్ పెరిగితే నొప్పితో అర్ధరాత్రి పరుగెత్తాల్సి వస్తుంది. పనులకు ఇబ్బంది మొదలైతే తీయించుకునే సమయం వచ్చినట్టే.

"కంటి వెలుగులో చూపించుకున్నం గద." తెలంగాణ ప్రభుత్వం ఊరూరా పెట్టిన ఆ కంటి పరీక్షల మొదటి విడత 2018 ఆగస్టు 15న మొదలైంది, రెండోది 2023 జనవరి 18న. అప్పుడు బాగుందంటే అప్పటికి బాగుందని. ఆ అద్దాలు ఇప్పటికీ పెట్టుకుని "సరిపోతలేవు" అంటున్నారంటే పవర్ మారిందేమో, పొర మొదలైందేమో చూడాలి.

"చుక్కల మందుతో కరుగుతుందట." కరగదు. తేనె, ఉల్లిరసం, చెట్టుపాలు అసలు వద్దు, పుండు పడుతుంది. మెడికల్ షాపులో ఎర్రకన్నుకు ఇచ్చిన చుక్కల్ని నెలల తరబడి వాడటం ఇంకా ప్రమాదం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే శుక్లమూ వస్తుంది, నీటికాసులూ వస్తాయి.

"ఆపరేషన్ అయింది, మళ్ళీ పొర వచ్చింది." తీసిన శుక్లం తిరిగి రాదు. కొత్త కటకం వెనకున్న సంచి నెలల తర్వాతో, ఏళ్ళ తర్వాతో మసకబారుతుంది. చాలావరకు లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు. చూపించకుండా "ఆపరేషన్ ఫెయిలైంది" అని ఇంట్లో కూర్చున్నవాళ్ళను చాలామందిని చూశాను. ఒక కంటికి ఆపరేషన్ అయితే తెల్ల పంచెను ఒక్కో కంటితో చూడమనండి. చేయించని కంటికి చాయ మరక పడ్డట్టు కనబడితే అందులోనూ పసుపు ఎక్కుతున్నట్టే.

ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో కంటి విభాగం ఉంది. పెద్ద కేసులకు హైదరాబాద్ మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆస్పత్రి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో శుక్లం ఆపరేషన్ ఉచితం. ఊరికి క్యాంపు వచ్చినా మంచిదే. కాకపోతే ఆపరేషన్ ఎక్కడ చేస్తారో, తర్వాత చూపించుకోవాలంటే ఎవరి దగ్గరికి పోవాలో పేరు, నంబరు రాయించుకోండి.

ఆధార్ కార్డు, వాడుతున్న మందులన్నీ, పాత అద్దాలు, మీ నోటుబుక్కు పట్టుకెళ్ళండి. నల్లగుడ్డు నడిమి రంధ్రం పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు. ఆ తర్వాత నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ సూదుల్లా గుచ్చుతుంది. పెద్దాయన్ను సొంతంగా బండి మీద పంపకండి, గొడుగో తువ్వాలో ఇవ్వండి. కంటి ప్రెషర్ కొలిచారా, వెనక పొర చూశారా అని మీరే అడగండి. శుక్లం ఒక్కటే అయితే చూపు ఎంతవరకు వస్తుందో చెప్తారు. షుగర్ వల్ల వెనక కూడా దెబ్బ ఉంటే ఆపరేషన్ తర్వాత చూపు పూర్తిగా రాకపోవచ్చు. ఆ మాట ముందే వింటే తర్వాత గొడవ ఉండదు.

"ఇప్పుడే అక్కర్లేదు, ఆరు నెలలకు రండి" అన్నారనుకోండి. ఆ రెండు కాగితాలు పారేయకుండా గోడ మీది క్యాలెండర్ వెనక పెట్టి, తేదీ మీద గుండ్రం చుట్టండి. వాకిట్లో 20 అడుగుల దగ్గర ఒక మేకు కొట్టి ఉంచితే మళ్ళీ టేపు వెతుక్కోవాల్సిన పని ఉండదు.